మచ్చ కనిపించే ఫోను

ఫోను కొనడానికి మా చెల్లెలు రాయి వెంటబెట్టుకుని వచ్చింది. పుస్తకమంత పలక. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి కూరగాయల సంచిలో వేసుకుంది. తర్లుపాడు వైపు నుంచి వచ్చే ఆటోలో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని వచ్చిందట. మార్కాపురం బస్టాండు దగ్గర దిగి, నన్ను చూడగానే బాగున్నావా అని కూడా అనలేదు.

"ఎండ ఎంతసేపు ఉంటదన్నా?"

తలెత్తి చూశాను. మధ్యాహ్నం దాటింది. పడమటి కొండల మీద బూడిద రంగు మబ్బు ఒకటి పరుచుకుని ఉంది. ఉంటుందిలే, సాయంత్రం దాకా ఎక్కడికి పోతుంది అన్నాను. ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

చెల్లెలికి, మా బావకు తర్లుపాడు రోడ్డులో పలకల ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అని మా ప్రాంతంలో అంటాం గాని, ఉన్నదల్లా రేకుల షెడ్డు, ఒక కోత మిషను, రాళ్లు చీల్చే నలుగురు మనుషులు. ఒకప్పుడు అక్కడ బడిపిల్లల పలకలు చేసేవారు. ఇప్పుడు ఇళ్ల గోడలకు, మెట్లకు అతికించే బిళ్లలు చేస్తున్నారు. క్వారీ నుంచి వచ్చిన దిమ్మెను ఉలితో పొరలుగా విడదీసి, అంచులు కోసి, దొంతులు పెడతారు. నిరుడు ఒక దిమ్మె దింపబోయి బావ నడుము పట్టేసింది. అప్పటినుంచి ఆయన షెడ్డు ముందు మంచం మీద కూర్చుని మాటలతో పని చేయిస్తాడు. నడక, మోత, బేరం అన్నీ చెల్లెలివే.

ఎండాకాలంలో వాళ్లకు బెంగుళూరు నుంచి మంచి ఆర్డరు ఒకటి తగిలింది. అక్కడ ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు ఒకాయన ఫోన్లో ఫొటోలు చూసి లారీ లోడు తెప్పించుకున్నాడు. ఆ ఫొటోలు నేనూ చూశాను. అప్పటి ఫోనుతో బావే తీశాడు, చెల్లెలు ఆ రోజు క్వారీకి పోయి ఉంది. అందులో రాయి నీలిమందు కలిపిన నలుపులో నిగనిగలాడుతోంది. లారీలోంచి దిగిన రాయి మాత్రం మా రాయి ఎలా ఉంటుందో అలాగే ఉంది. బూడిద రంగు, కాస్త పచ్చ చాయ, అక్కడక్కడా తుప్పు చారలు. "మీరు చూపించిన రాయి వేరు, పంపిన రాయి వేరు" అన్నాడాయన. అదే రాయని చెల్లెలు ఒట్టేసి చెప్పింది. ఆమె చెప్పింది నిజం. అయినా ఆయన తీసుకోలేదు. లోడు వెనక్కి తెచ్చుకునే దారిలేక, ఆయన గోడౌను వెనకే వదిలేసి వచ్చారు. ఆ తర్వాత చెల్లెలు మాట్లాడటానికి తప్ప ఆ ఫోనును ముట్టుకోలేదు. రాతి దుమ్ములో పడి దాని కెమెరా అద్దం కూడా మసకబారింది.

ఇన్నాళ్లకు ఈ రోజు పొద్దున ఆయనే మళ్లీ ఫోను చేశాడు. ఇంకో ఇల్లు మొదలుపెట్టాడట. వేరేచోటి రాయి ఒకటి చూశాడట, ఈ రాత్రికి ఏదో ఒకటి ఖాయం చేస్తాడట. సాయంత్రం లోపు ఇరవై పాతిక రాళ్లు పరిచి ఎండలో తీసిన ఫొటోలు పంపమన్నాడు, ఏరి తీసిన ఒక్క రాయి చాలదన్నాడు. లైటు కింద తీసినవి, నీడలో తీసినవి వద్దన్నాడు. చివర ఇంకో మాట కూడా అన్నాడు: "ఈసారి ఫొటోలో ఉన్న రాయే నా దగ్గరికి రావాలమ్మా. రాకపోతే ఇక మనం ఒకరికొకరం ఫోను చేసుకోవద్దు."

ఇదంతా బస్టాండు నుంచి నడుస్తూ చెప్పింది చెల్లెలు. చివర్లో గొంతు తగ్గించింది.

"గిద్దలూరు ఆయన ఒకాయన మిషను కొంటానని చూసి పోయినాడు. ఆదివారం మళ్లీ వస్తానన్నాడు. ఈ ఆర్డరు వస్తే రావద్దని చెప్తా. రాకపోతే ఇంకేముందన్నా, మిషను ఆయనకు, షెడ్డు ఎవరికన్నా ఎరువుల మూటలకు అద్దెకు."

నేను పత్రికలో పనిచేసినంత కాలం ఫొటోలతోనే గడిపాను కాబట్టి ఫోన్ల సంగతి నాకు తెలుస్తుందని ఆమె ధీమా. ఫోన్ల గురించి నాకు తెలిసింది తక్కువే. ఫొటో ఎక్కడ అబద్ధం ఆడుతుందో మాత్రం కొంచెం తెలుసు.

దుకాణంలో తెల్ల లైట్లు కళ్లు చెదిరేట్టు వెలుగుతున్నాయి. లోపలి అద్దాల బల్ల వెనక నడివయసు మనిషి. దుకాణం ఆయనదే.

"రా అక్కా, కూర్చో. ఏ రేటులో చూపించమంటావు?"

"పదిహేను ఇరవై వేల నడుమ చూపించు."

మూడు ఫోన్లు తీసి వరసగా పెట్టాడు. చెల్లెలు సంచిలోంచి మూట తీసి, విప్పి, పలకను అద్దం మీద పెట్టబోయింది.

"అక్కా అక్కా! అద్దం!"

"పగలదులే నాయనా. చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు పెడతా."

"ఏందిది? ఫోను మీద వేసి చూస్తావా, గట్టిదో కాదో?"

"నీ ఫోను పగిలితే నాకేమొస్తది? ఈ రాయిని ఫొటో తీయాల."

పక్కన ఫోనుకు కవరు ఎంచుకుంటున్న కొమరోలు మనిషి ఒకాయన నవ్వాడు. "మనుషుల ఫొటోలు అయిపోయినాయి, ఇంక రాళ్లకు మొదలైందా తల్లీ?"

చెల్లెలు నవ్వలేదు. పలక మూల చూపించింది. అక్కడ చింతాకు రెమ్మంత తుప్పు చార ఉంది. దొంతిలోంచి కావాలనే ఏరి తెచ్చింది దాన్ని.

"ఈ మచ్చ కనపడాల. రంగు ఇట్లనే రావాల. నాకు ఇంకేం వద్దు."

దుకాణందారు మొదటి ఫోను గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. నూట ఎనిమిది మెగాపిక్సెళ్లు, చీకట్లో కూడా పగటిలాగే వస్తుంది, చంద్రుణ్ని దగ్గరికి లాక్కోవచ్చు. చెప్తూనే అక్కడికక్కడే రాయిని ఫొటో తీసి మాకు తిప్పి చూపించాడు. నేరేడు పండు రంగులో మెరిసిపోతోంది పలక.

"సూపర్‌గా ఉంది చూడక్కా!"

చెల్లెలు పలకను చేతిలోకి తీసుకుంది. ఎండాకాలంలో లారీకి ముందు పోయిన ఫొటోల రంగు అచ్చం అదే.

"ఎండలో తీయాల" అంది.

"షాపు గడప దాటి ఫోను ఇయ్యనక్కా. ఊరికే అంటలేదు, ఒకసారి దెబ్బ తిన్నా."

"మా అన్నను ఇక్కడ కూర్చోబెట్టి పోతా."

"ఆయన్ను నేనేం చేసుకోవాల?"

కొమరోలు ఆయన మళ్లీ నవ్వాడు. ఈసారి నేనూ నవ్వాను. చివరికి దుకాణందారే మూడు ఫోన్లూ పట్టుకుని మాతో బయటికొచ్చాడు. ఎవరిదో స్కూటరు సీటు మీద చీర ముక్క పరిచి పలక పెట్టాం. దాని పక్కన నా తెల్ల చేతిరుమాలు పరిచాను. పత్రికలో ఫొటో రంగు మీద అనుమానం వస్తే ముందు అందులో తెల్ల చొక్కా కోసం వెతికేవాళ్లం. తెలుపు తెలుపుగానే ఉంటే మిగతాది నమ్మేవాళ్లం. చొక్కా పసుపుగా కనిపిస్తే మొహాల రంగు కూడా నమ్మేవాళ్లం కాదు.

మొదటి ఫోను ఎండలో కొంత దారికొచ్చింది. నీలం తగ్గింది. చెల్లెలు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి మూల దగ్గరికి పోయింది. అటూ ఇటూ జరిపింది.

"అన్నా, మచ్చ ఏది?"

మచ్చ లేదు. చార ఉన్నచోట రాయి నున్నగా, ఎవరో తుడిచినట్టు ఉంది.

"అది ఏఐ అక్కా" అన్నాడు దుకాణందారు గర్వంగా. "మచ్చలుంటే అదే తీసేస్తది. మొహానికైనా అంతే."

"నా మొహానికి ఎంతైనా తీసెయ్యి నాయనా. రాయికి మాత్రం తీయొద్దు. అక్కడ లారీ దిగినాక ఆ మచ్చ మళ్లీ వస్తది."

రెండో ఫోనులో చార నిలిచింది గాని రుమాలు బెల్లం నీళ్లలో ముంచినట్టు వచ్చింది. దాని వెంటే రాయీ గోధుమ రంగుకు తిరిగింది. మూడోది తీయబోతుండగా స్కూటరు మీద నీడ పడింది. మబ్బు సూర్యుణ్ని కప్పింది.

ముగ్గురం రోడ్డు పక్కన తలలెత్తి నిలబడ్డాం. అటుగా పోయేవాళ్లు మమ్మల్ని చూసి, పైన విమానమేమైనా పోతోందేమోనని వాళ్లూ తలెత్తారు. చెల్లెలు చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. చిన్నప్పుడు పరీక్ష ఫలితాలు పేపర్లో వెతికేటప్పుడు కూడా అలాగే చేసేది.

"ఏదో ఒకటి తీసుకో అక్కా, పొద్దుపోతే నీకే ఇబ్బంది" అన్నాడు దుకాణందారు.

"అప్పుడు ఏదో ఒకటి తీసుకొనే మునిగినా."

ఆ మాటకు ఆయన మొదటి రెండు ఫోన్లూ జేబులో వేసుకున్నాడు. తర్వాత మూడో ఫోనును తన వైపు తిప్పుకుని సెట్టింగుల్లోకి పోయాడు. మెరుగులు దిద్దే మీటలు ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాడు. ఉన్నట్టుండి గుర్తొచ్చినవాడిలా తెర రంగు కూడా మార్చాడు. ఫొటో సరిగ్గా వచ్చినా తెర దాన్ని చిక్కగా చూపిస్తుందట. మామూలు రంగు పెడితే తప్ప ఉన్నది తెలియదట.

"ఇవి ఆపమని అడిగినోళ్లు ఇంతవరకు లేరక్కా. ఇంకా తెల్లగా రావాల, ఇంకా నున్నగా రావాల అనేవాళ్లే అందరూ."

మబ్బు తొలగింది. గబగబా తీశాడు. రుమాలు తెల్లగా ఉంది. రాయి బూడిద రంగులో, పచ్చ చాయతో, చప్పగా ఉంది. మూలన తుప్పు చార ఉంది.

"ఏం బాగలేదక్కా" అన్నాడాయన దిగులుగా.

"రాయి అట్లనే ఉంటది" అంది చెల్లెలు. ఆ ఫోనును ఆయన చేతిలోంచి తీసుకుంది.

చెల్లెలి పాత ఫోనులోని సిమ్ము ఇందులో వేయించి, ఆ ఫొటోను నా ఫోనుకు పంపించి చూశాం. ఎంత మంచి ఫొటో అయినా అవతలి తెర మీద ఏమవుతుందో ఎవరికి తెలుసు? నా పాత ఫోనులో రంగు కొంచెం వెలిసినట్టు కనిపించింది గాని రాయి మారలేదు, మచ్చా పోలేదు. మొదటి ఫోను కంటే ఇది తక్కువ ధరకే వచ్చింది. దానికున్న హంగులు దీనికి లేవు. అవన్నీ ఉన్నా ఆమె వాటిని ఆపేసేదే. కవరు, పైన అతికించే అద్దం కొనమని దుకాణందారు అడగలేదు. కెమెరా తుడిచే మెత్తటి గుడ్డ మాత్రం ఒకటి ఊరికే ఇచ్చాడు. "మీ దగ్గర రాతి దుమ్ము గదా, తుడవకుండా తీయొద్దు" అన్నాడు.

నేనూ ఆమె వెంట ఆటో ఎక్కాను. పోతున్నంతసేపూ చెల్లెలు కొండల వైపే చూసింది. మబ్బు వెడల్పవుతోంది. ఎండ ఇంకా ఉంది, కాకపోతే ఏటవాలుగా పడుతోంది. "వచ్చేటప్పుడే మీ బావకు చెప్పినాలే, రాళ్లు ఎండలో పరిపించి పెట్టమని" అంది. పోవడం తీయడమే, ఆలస్యం లేదు అన్నట్టు.

షెడ్డు ముందు ఆటో ఆగింది. బావ మంచం మీద లేడు. నడుము మీద ఒక చెయ్యి, గోడ మీద ఒక చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ఆయన ముందు పాతిక దాకా పలకలు కొన్ని నేల మీద పరిచి, కొన్ని గోడకు ఆనించి ఉన్నాయి. అన్నీ నల్లగా, నీలంగా తళతళలాడుతున్నాయి. వాటి కింద మట్టి బురదైంది. పక్కన ఖాళీ బకెట్టు.

"చూడు బావా, ఎట్ల మెరుస్తున్నాయో!" అన్నాడు నన్ను చూసి. "ఇప్పుడు తీయండి ఫొటోలు."

చెల్లెలు ఆటోలోంచి ఒక కాలు కింద పెట్టి అలాగే ఆగిపోయింది.

మా ప్రాంతంలో రాయి చూపించే పద్ధతి ఒకటుంది. కొనేవాడు వస్తే ముందు చెయ్యి బకెట్టు మీదికి పోతుంది. దోసెడు నీళ్లు కొట్టనిదే ఎవరూ రాయి చూపించరు. నీళ్లు పడితే రాయి లోపలి రంగు పైకొస్తుంది, సన్నటి పగులు ఉంటే అదీ బయటపడుతుంది. కొనేవాడూ తెలిసినవాడే. తడి రాయి చూస్తూ ఆరిన రాయి మనసులో ఊహించుకుంటాడు. ఆలోగా అది కళ్లముందే ఆరిపోతుంది కూడా. కాబట్టి అందులో మోసమేమీ లేదు. బావ పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని. రాళ్లు పరిపించమంటే నీళ్లు కొట్టడం అందులో కలిసే ఉందని ఆయన లెక్క.

చెల్లెలు నెమ్మదిగా అడిగింది. "అప్పుడు లారీకి తీసినప్పుడు కూడా కొట్టినావా?"

"కొట్టక? పొడిరాయి ఎవరన్నా చూపిస్తారా?"

 లోపల రాళ్లు చీలుస్తున్న ఉలుల చప్పుడు ఆగింది. ఇన్ని నెలలు అందరం ఫోనును తిట్టుకున్నాం. దుకాణంలో ఆ నేరేడు రంగు చూశాక నేనైతే తీర్పే ఇచ్చేసుకున్నాను. బకెట్టు ఎప్పుడూ అక్కడే, మంచం పక్కనే ఉంది. రోజూ చూసేది కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు.

"ఏందట్ల చూస్తావు? తప్పేం చేసినా?" అన్నాడు బావ. అంటూనే ఆయనకు అర్థమవడం మొదలైంది. గోడ మీది చెయ్యి జారింది. నేను పోయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాను.

చెల్లెలు కేకేసింది. లోపలి మనుషులు గోనెపట్టాలు తీసుకుని పరుగెత్తుకొచ్చారు. తుడవడం మొదలుపెట్టాం. పైన తుడిస్తే పొరల అంచుల్లోంచి నీరు మళ్లీ ఊరుతోంది. రాయి ఒక్కసారిగా ఆరదు, మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. ఎండ అప్పటికే సగం గోడ మీది నుంచి పక్కకు తప్పుకుంది. లోపల దొంతుల్లోంచి పొడి రాళ్లు తెద్దామా అన్నాడొకాయన. ఆ దొంతులు వేరే క్వారీవి, రంగు వేరు. అవి పంపితే మళ్లీ మొదటికొస్తుంది.

అప్పుడే కొత్త ఫోను మోగింది. బెంగుళూరు ఆయన. చెల్లెలు స్పీకరు పెట్టింది.

"ఏమ్మా, ఫొటోలు రాలేదు?"

"రాళ్లు ఆరతా ఉన్నాయండి."

"ఆరడమేంటి? వాన పడిందా అక్కడ?"

పడిందని చెప్పమన్నట్టు ఒకాయన సైగ చేశాడు. మబ్బు కూడా అందుకు సాక్ష్యంగా పైన ఉంది. చెల్లెలు నా వైపు చూసింది, బావ వైపు చూసింది.

"వాన లేదండి. మా ఆయన నీళ్లు కొట్టినాడు. మా దగ్గర అట్లనే చూపిస్తాం."

"పోయినసారి ఫొటోలు?"

"అవీ తడివేనంట. నాకూ ఇప్పుడే తెలిసింది. ఫోనుదే తప్పనుకుని కొత్తది కొనుక్కొచ్చినా."

ఆయన ఫోను పెట్టేశాడు. బావ మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాడు.  ఇంత చెప్పాల్సిన పనేముందని నాకు అనిపించిన మాట దాచను.

చెల్లెలు మాత్రం ఫోను పట్టుకుని రాళ్ల మధ్య తిరుగుతోంది. ఆరేదాకా ఆగు అన్నాను. "ఎండ ఆగదన్నా" అంది. గోడ చివర ఒక పలక దగ్గర నిలబడింది. దాని పైసగం ఆరింది, కిందిసగం ఇంకా తడిగా ఉంది. పైన బూడిద రంగు, కింద నీలి నలుపు, నడుమ వంకరగా గీత. ఒక తుప్పు చార పైనుంచి కిందికి రెండింటినీ దాటి పోయింది. దుకాణందారు ఇచ్చిన గుడ్డతో కెమెరా తుడిచింది. నన్ను రుమాలు అడిగి పలక పక్కన పెట్టింది. ఒకటే ఫొటో. దాని వెంట మాట రికార్డు చేసి పంపింది: "కింద తడి అండి. పైన మా రాయి."

ఆయన చూసినట్టు ఫోనులో నీలి టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఎండ గోడ మీది నుంచి తప్పుకుంది. ఆరిన పలకలు ఒక్కొక్కటే మామూలు రంగుకు వస్తున్నాయి, ఇప్పుడు తీయడానికి వెలుతురు చాలదు. రాళ్లు చీల్చేవాళ్లు ఇళ్లకు పోకుండా గడప దగ్గర నిలబడ్డారు. బావ ఎవరి వైపూ చూడటం లేదు. "ఆదివారం గిద్దలూరు ఆయన వస్తే..." అని మొదలుపెట్టి తనే ఆపేశాడు.

ఫోను మోగగానే చెల్లెలు స్పీకరు పెట్టింది.

"గోడౌను వెనక వైపుకు వచ్చానమ్మా, అందుకే ఆలస్యం" అంటున్నాడాయన. వెనక కుక్క మొరుగుతోంది. "మీ పాత లోడు ఇక్కడే పడి ఉంది గదా. ఎండకు ఎండి ఉంది. మీ ఫొటో పైసగాన్ని దీని పక్కన పెట్టి చూశా. ఒకటే రాయి."

"అదే రాయని అప్పుడే చెప్పినా గదండీ."

"చెప్పారు. నేను నమ్మలేదు." కుక్కను అదిలించాడు. "ఇంటి ముందు గోడకు వాళ్లకు నలుపే కావాలి, అది వేరేవాళ్ల దగ్గరే తీసుకుంటా. మెట్లకు, ప్రహరీకి మీది పెడదాం. పాత లోడు వాడేస్తా, చాలనిది మీరు పంపండి. మళ్లీ ఇదే చార, ఇదే చాయ ఉండాలి. నీళ్లు మాత్రం ఇక్కడ నేను పోసుకుంటా."

ఆయన పెట్టేశాక చెల్లెలు నేల మీదే, ఆ బురద పక్కనే కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఫోను తెర మీద పడిన రాతి దుమ్మును కొంగుతో తుడిచి, గిద్దలూరు నంబరు కోసం వెతకడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఒకసారి అటు పోయినప్పుడు షెడ్డు దగ్గర ఆగాను. మిషను నడుస్తోంది. ఫోను ఎలా ఉందని చెల్లెల్ని అడిగాను.

"దానికి ఒకసారి చెప్తే చాలన్నా, మళ్లీ రంగు పూయలేదు. ఈయనకే రోజూ చెప్పాల."

బావ మంచం పక్కన బకెట్టు నిండుగా ఉంది. నేను దాని వైపు చూడటం ఆయన చూశాడు.

"కాళ్లు కడుక్కోనీకి పెట్టుకున్నా బావా" అన్నాడు.